చూద్దాం సారు ఫొటో

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఒక భ్రమ ఉంటుంది, ఆఫీసులో ఏదైనా కొన్నారంటే దాంతో ఏదో పని ఉండే కొన్నారని. చిల్లకల్లు నుంచి షేర్ ఆటోలో, ఒళ్ళో క్యారేజీ, క్యారేజీ మీద బ్యాగు, బ్యాగు మీద పక్కావిడ చంటిపిల్లాడి కాళ్ళు పెట్టుకుని రోజూ జగ్గయ్యపేటకి వెళ్ళొచ్చే ఆ రోజుల్లో నాకూ ఆ భ్రమ ఉండేది. అక్కడొక ప్రభుత్వ ఆఫీసులో (ఏ ఆఫీసో చెప్పను, వాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకి పిలుస్తున్నారు) జూనియర్ అసిస్టెంటుని. డిగ్రీలో కంప్యూటర్లు చదివానని తెలిసిన మరుక్షణం నుంచి ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా, ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచేవాళ్ళు.

మా ఆఫీసుకి ఒక వెబ్‌సైటు ఉండేది. దాని నెత్తిన ఆఫీసు పెద్దాయన ఫొటో ఉండాలి. ఉంది కూడా. కాకపోతే ఆ ఫొటోలో ఉన్నాయన బదిలీ మీద వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి. బుర్ర మీసాలు, నల్ల కళ్ళద్దాలు, ఎవరినో ఇప్పుడే సస్పెండ్ చేసొచ్చినట్టు ఒక చూపు. ఆ వెబ్‌సైటు తయారుచేసిన కంపెనీ బోర్డు తిప్పేసింది. పాస్‌వర్డు కూడా దాంతోపాటే పోయింది. పెద్దాయనలు వస్తున్నారు, పోతున్నారు, మీసాల సారు మాత్రం కదలడం లేదు.

నేను చేరేసరికి ఆ సీట్లో చూద్దాం సారు ఉన్నారు. నందిగామ ఆయనది. ఎవరేం అడిగినా "చూద్దాం" అనేవారు, అన్న తరవాత నిజంగానే చూసేవారు. సన్నగా, మెత్తగా ఉండే మనిషి, గొంతు లేచిన పాపాన పోలేదు. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతారు. ఒకరోజు ఒక పెద్దావిడ పెన్షను గొడవ మీద వచ్చి, మనవడి ఫోనులో మా వెబ్‌సైటు తెరిచి చూపించింది.

"ఈ సారుతో మాట్లాడాలండి."

"ఆ సీట్లో ఇప్పుడు నేనేనమ్మా. చెప్పండి."

ఆవిడ ఫోనులోకీ ఆయన మొహంలోకీ మార్చి మార్చి చూసింది. "కాదులెండి బాబూ, పెద్ద సారు వచ్చాకే వస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మేమందరం ఫైళ్ళలో తలలు దూర్చి నవ్వుకున్నాం. సారు నవ్వలేదు. సాయంత్రం నన్ను పిలిచి, బల్ల మీద గాజు పలకని వేలితో తుడుస్తూ, "అమ్మాయ్, క్లర్కుగా చేరి ఈ కుర్చీ దాకా వచ్చా. ఇంటికెళ్ళేలోపు ఒక్కసారి నా ఫొటో అక్కడ పడితే బావుణ్ణు. ఏమన్నా చెయ్యగలమా?" అన్నారు. ఆయన నోటంట అలాంటి కోరిక వినడం నాకు అదే మొదటిసారి. జాలేసింది. పాస్‌వర్డు లేకపోతే ఏమీ చెయ్యలేమని, మార్చాలంటే వెబ్‌సైటులో రాతలూ ఫొటోలూ మనమే మార్చుకునే కొత్త కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కొనాలని చెప్పా. ఆయన "చూద్దాం" అన్నారు.

అలా, ఒక్క ఫొటో మార్చడానికి, "ప్రజలకు మెరుగైన సమాచార సేవల నిమిత్తం" అనే పేరుతో ఫైలు పుట్టింది. (రాసింది నేనే. ఆ వాక్యం ఇప్పటికీ నాకు నచ్చుతుంది.) పుట్టిన ఫైలు నేరుగా వెళ్ళి మా సూపరింటెండెంటు గారి బల్ల మీద పడింది. ఆయన్ని అందరం కొర్రీల గారు అనేవాళ్ళం. ఫైలుకి అడ్డుప్రశ్న వెయ్యకుండా సంతకం పెడితే ఆయనకి ఆ రాత్రి అన్నం సయించదని ప్రతీతి. మొదటి కొర్రీ: "కంటెంట్‌ను మేనేజ్ చేయుటకు సిబ్బంది ఉండగా సిస్టమ్ ఎందులకు?" జవాబు రాశా. రెండో కొర్రీ: "సదరు సిస్టమ్ వస్తువా, సేవా? వస్తువైనచో దానిని ఏ గదిలో ఉంచెదరు?" ఇంటర్నెట్టులో ఉంటుందని రాశా. "ఇంటర్నెట్ మన ఆవరణలో ఉన్నదా?" అని మూడోది వచ్చింది.

"ఏంటండీ ఇది?" అని అడిగేశా ఉండబట్టలేక.

"రేపు ఆడిట్ వాడొచ్చి ఎక్కడ పెట్టారయ్యా అంటే ఏం చూపిస్తావమ్మా? గాలినా?" అన్నారాయన. ఆయన పాయింటు ఆయనది.

ఇలా ప్రశ్నా జవాబుల్లో ఎండలు వెళ్ళి వానలొచ్చాయి. కంపెనీలు వచ్చి తమ సరుకు చూపించి వెళ్ళే రోజు కూడా వచ్చింది. విజయవాడ నుంచి టై కట్టుకుని వచ్చినతను గోడ మీద బొమ్మలేసి, భద్రతంటాడు, భాషలంటాడు, భవిష్యత్తంటాడు. సారు ఓపిగ్గా అన్నీ విని, చివర్న గొంతు సవరించుకున్నారు.

"ఫొటో మార్చొచ్చా బాబూ?"

"ఒక్క క్లిక్కండి."

"ఏదీ, చూపించు."

అతను మార్చి చూపించాడు. "మళ్ళీ చూపించు" అన్నారు. మళ్ళీ చూపించాడు. అతను తెచ్చుకున్న పువ్వుల ఫొటో వస్తూ పోతూ ఉంటే సారు చిన్నపిల్లాడిలా చూశారు. ఇంకో రెండు కంపెనీలవాళ్ళకీ అదే పరీక్ష. అందరూ పాసయ్యారు కాబట్టి తక్కువకి ఇచ్చినవాడికి దక్కింది.

సిస్టమ్ వచ్చేసరికి సారు సర్వీసు వారంలోకి పడింది. కొర్రీల గారు ఊరుకోలేదు, స్టాకు నంబరు వేస్తే గానీ వాడడానికి వీల్లేదన్నారు. కనపడని దానికి ఎక్కడ వేస్తాం? చివరికి అటెండరు చేత నా కంప్యూటరు నుదుటి మీద తెల్ల పెయింటుతో వేయించారు. సారు పొద్దున్నే వేదాద్రి వెళ్ళి నరసింహస్వామిని దర్శించుకుని, పులిహోర ప్రసాదంతో వచ్చారు. రిజిస్ట్రేషనులో అధికారి మొబైల్ నంబరు అనే గడి ఉంటే తన సొంత నంబరు చెప్పారు. ఆ క్షణంలో అది తప్పని ఎవరికీ తోచలేదు, కొర్రీల గారికి కూడా. (నోటి నిండా పులిహోర ఉండడం వల్ల అనుకుంటా.) నేను క్లిక్ చేశా. మీసాల సారు మాయమై చూద్దాం సారు ప్రత్యక్షమయ్యారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వారం తిరక్కుండానే శాలువా కప్పి, నందిగామ పంపించేశాం.

ఆ కుర్చీలోకి అర్జెంటు సారు వచ్చారు. సెలవు చీటీ మీద కూడా అర్జెంటు అని రాసే మనిషి. వచ్చిన రోజే "ఇదేంటి, పాతాయన ఫొటో? సాయంత్రానికి నాది ఉండాలి" అన్నారు. ఒక్క క్లిక్కేగా అని నొక్కా. "అధికారి మొబైలుకు ఓటీపీ పంపబడినది" అంది సిస్టమ్. ఆ మొబైలు నందిగామలో ఉంది. ఫోన్ చేశా.

"అమ్మాయ్! టిఫిన్ చేశావా? మీ నాన్న మోకాళ్ళెలా ఉన్నాయి? కొర్రీల గారికి బీపీ తగ్గిందా?"

అన్నిటికీ జవాబు చెప్పి ఓటీపీ అడిగేసరికి దాని ఆయుష్షు తీరిపోయింది. మర్నాడూ అంతే. కావాలనే చేస్తున్నారేమో అని ఒక అనుమానం. ఛ, సారు అలాంటివారు కాదని ఇంకో మనసు. అర్జెంటు సారుకి ఒళ్ళు మండిపోయింది. "నీ ప్రొబేషన్ ఫైలు నా దగ్గరే ఉంది. లాప్‌టాప్ పట్టుకుని నందిగామ పో, పని చేసుకుని రా" అన్నారు. బస్సెక్కా.

సారు ఇంట్లో లేరు, కూరగాయలకి వెళ్ళారట. అమ్మగారు కాఫీ కలిపిచ్చి, గొంతు తగ్గించి చెప్పారు. "రోజూ పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు అదే చూస్తారమ్మా. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. పాలవాడికి రెండుసార్లు చూపించారు."

అంతలో సారు వచ్చారు. సంచీ కింద పెట్టి, లాప్‌టాప్ చూసి, నేను నోరు తెరవకముందే గ్రహించేశారు. "ఆయన ఫొటో పెట్టాలిగా. అది ధర్మం. కానివ్వు" అని జేబులోంచి ఫోను తీశారు. నొక్కా. ఫోను టింగుమంది. కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క అంకే విడదీసి, స్పష్టంగా చదివారు. పలకరింపుల్లేవు, జాగు లేదు. "రాసుకున్నావా అమ్మాయ్?"

రాసుకున్నా. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఆయన నన్ను చూడకుండా సంచీలోంచి వంకాయలు తీసి ఏరుతున్నారు.

"అమ్మగారూ, కాఫీ ఎంత బావుందోనండి. పొడి ఎక్కడ కొంటారు?" అన్నా.

ఆవిడ చెప్పారు. పాలెక్కడివన్నా. అదీ చెప్పారు. సారు మోకాళ్ళ గురించి, పక్కింటివాళ్ళ గురించి, వంకాయల ధర గురించి అడిగా. సారు ఒకటి రెండుసార్లు "అమ్మాయ్, టైము..." అన్నారు. నేను వినిపించుకోలేదు. తెర మీద "గడువు ముగిసినది" అని ఎర్రగా పడింది.

"అయ్యో, మళ్ళీ పంపించమందామా?" అన్నారాయన.

"చూద్దాం సారూ" అని లాప్‌టాప్ మూసేశా.

అర్జెంటు సారు పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టారు. సిస్టమ్‌లో మొబైల్ నంబరు మార్చమని కంపెనీకి లేఖ రాయమన్నారు. ఆ ఫైలు కొర్రీల గారి దగ్గరికి వెళ్ళింది. "పాత నంబరు యజమాని సమ్మతి పొందబడినదా?" అని ఆయన అందంగా రాశారు. జీవితంలో మొదటిసారి ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నా. చలికాలం వచ్చేదాకా చూద్దాం సారు ఫొటో అక్కడే ఉంది. నా ప్రొబేషను కూడా దాంతోపాటే ఆగింది, తరవాత ఎప్పుడో కదిలింది. చివరికి నంబరు మారుస్తుంటే అర్జెంటు సారు, "పొద్దస్తమానం ఓటీపీలు నేనెక్కడ చెప్పను? ఆ అమ్మాయి నంబరే ఇచ్చేయండి" అన్నారు.

ఇచ్చేశారు. ఆ తరవాత నాకు రెండు బదిలీలయ్యాయి, జుట్టుకి రంగు అవసరమొచ్చింది. ఇప్పుడు నందిగామలోనే వేరే ఆఫీసులో పనిచేస్తున్నా. జగ్గయ్యపేట ఓటీపీలు మాత్రం ఇంకా నా ఫోనుకే వస్తాయి. మొన్న కూడా, అక్కడ కొత్తగా చేరిన అమ్మాయట, ఫోన్ చేసింది.

"మేడమ్, ఓటీపీ వచ్చిందాండీ?"

"వచ్చింది గానీ, టిఫిన్ చేశావా అమ్మాయ్?"

"చేశానండి. మీరు చేశారా? మీ ఆరోగ్యం ఎలా ఉందండి?" అంది.

నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో. చెప్పుకుంటూ కూర్చున్నా. ఓటీపీ గడువు ముగిసిపోయింది. మళ్ళీ పంపించమన్నా.