తిరగలికి వేయకముందు పిడికెడు

కర్నూలులో మేమున్న వీధి చివర సాయంత్రాలు జొన్నరొట్టెలు కాలుస్తారు. పెనం మీద తడిపిండి కాలే వాసన తగలగానే నాకు రూతమ్మవ్వ గుర్తుకు వస్తుంది. యాభైల తొలి సంవత్సరాల కరువులో, బేతంచెర్లకు కరువు పనుల మీద కొత్తగా ఓవర్సీరుగా వెళ్లి, ఆమె ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో దిగాను. భర్త నాపరాతి గనిలో పోయాడు, పిల్లలు లేరు. ఆ వయసులోనూ కరువు పనికి వచ్చి రోడ్డుకు కంకర కొట్టేది.

బదిలీ కోసం నేను దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టుకుంటున్న కాలమది. ఎండ గురించి, దుమ్ము గురించి, ఉప్పునీళ్ల గురించి నా ఫిర్యాదులన్నీ ఆమె ఓపికగా వినేది. ఒకనాడు సంగటి ముద్ద ముందు పెట్టుకొని, కళ్లు మూసుకొని, "చాలు తండ్రీ, శానా ఇచ్చినావు" అని ప్రార్థన ముగించింది. ఆ ముద్ద నా పిడికిలి కంటే పెద్దది కాదు. నేను దానినే చూస్తున్నానని గమనించి, "ఏమప్పా, నీ టేపు తెచ్చి కొలుస్తావా?" అని నవ్వింది.

అక్కడి క్రైస్తవుల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. ఏ పూటకాపూట, గింజలు తిరగలికి వేయకముందే ఒక పిడికెడు తీసి విడిగా ఒక ముంతలో వేసేవారు. ఆదివారం ఆ ముంతలు గుడికి చేరేవి. కూడిన గింజలు తిండిలేని ఇళ్లకు వెళ్లేవి. కరువు ముదిరాక పాస్టరు అయ్యగారు దయతలచి, ఒంటరి ముసలివాళ్లు ఇక ముంత తేనక్కరలేదన్నారు. పైగా, బయటినుంచి గుడికి సాయంగా వచ్చిన ఎర్రజొన్నలు రెండు శేర్లు అవ్వకిమ్మని నా చేతికిచ్చి పంపారు.

ఆమె చాలాసేపు ఆ మూట ముట్టుకోలేదు.

"కరువు గంజి తాగేదానికి పనికొస్తా. దేవుని ముంతలో పిడికెడు ఎయ్యనీకి పనికిరానా?"

గొంతు పెంచకుండానే అడిగింది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఇచ్చేవాళ్ల వరుసలో నడిచిన మనిషి. ఆ చోటు పోతుందన్నదే ఆమె భయం. మూట తిరిగి ఇచ్చేస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"యాడికి తీసుకపోతావు? పెట్టినోళ్లని కాదనగూడదు" అంటూ విప్పి, చేటలో పోసి రాళ్లు ఏరింది. తిరగలి ముందు కూర్చుని, మొదటి పిడికెడు తీసి ముంతలో వేసింది.

"వాళ్లిచ్చినవే మళ్లీ వాళ్లకా, అవ్వా?"

"నాకిచ్చినాక నావే గదా నాయనా. అయినా నా ఇంట్లో ఉండేది ఎప్పుడన్నా నేను పుట్టించిందా?"

ఆదివారం ముంతతో వచ్చి వరుసలో నిలబడింది. ఎర్రజొన్నలు ఆ ఊళ్లో ఎవరూ పండించరు; ముంతలోకి చూడగానే అయ్యగారికి తెలిసిపోయింది. తల వంచి అందుకున్నారు. ముంత తేనక్కరలేదన్న మాట ఆ తరువాత ఆయన నోట వినలేదు.

బదిలీ వచ్చింది, ఎన్నో ఊళ్లు తిరిగాను. నాకు అందినదానిలోనుంచి ఇతరుల వంతు ముందే తీసిపెట్టడం ఆమె దగ్గరే అలవాటయింది. దానికంటే ఆలస్యంగా వంటబట్టినది ఇంకొకటి ఉంది. నేను సాయపడిన ఇంటివాళ్లు నాలుగు వేరుశనగ కాయలు తెచ్చి ముందు పెడితే, మీకే ఉంచుకోండి అనను. అక్కడే కూర్చుని, వాళ్లతో మాట్లాడుతూ ఒలుచుకుని తింటాను.