పడుగు మీద నీడ పరిచిన వదిన

మా వదిన పోయింది. వైశాఖం ఎండలు మండుతున్న మొన్నటి ఒక పొద్దున, మా కాశిబుగ్గ గల్లీలో పడుగు పరిచి గంజి పెడుతున్న వేళ, మా అమ్మాయి ఆమె ఇంటి అరుగు మీద, మంచం పక్కన నిలబడి, "బాపూ, పెద్దమ్మ లేస్తలేదు" అన్నది. నా చేతిలో గంజి దువ్వే కుంచె ఉంది. పడుగు సగం తడిగా ఉంది, సగం ఆరింది.

నేత పని తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగుల నూలును, గల్లీ పొడుగునా గుంజలకు లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆరబెడతాం. తడి మీద వదిలేసి పోతే పోగుకు పోగు అతుక్కుని అంతా దండగ అవుతుంది. గల్లీలో ఎవరైనా పోతే ఆ రోజు పని ఆపేయడం మా ఆచారం. మరి తడి పడుగును ఏం చేయాలి? ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడిపోయాం. గంజి కాచే ముసలామె కళ్లు తుడుచుకుని గద్దించింది.

"ఏందిరా గట్ల నిలవడ్డరు? పడుగు పాడు జేస్తే ఆమె లేచొచ్చి తిడ్తది. జెల్ది కానియ్యుండ్రి!"

అంత దుఃఖంలోనూ నవ్వు వచ్చింది మాకు. ఆరేదాకా దువ్వాం, చుట్ట చుట్టి లోపల పెట్టాం. ఆ తరువాత కూర్చుని ఏడ్చాం.

పోయిన వాళ్ల గురించి బాధగా రాయాలంటారు. నేను చదివింది ఐదో తరగతి, నాకు వచ్చినట్టు రాస్తున్నాను. ఆమెను తలుచుకుంటే నాకు గుండె పొంగుతోంది. ఇంత మంచి మనిషి నాకు వదిన అయినందుకు, ఆమె గెలుపును ఈ కళ్లతో చూసినందుకు నా అంత అదృష్టవంతుడు లేడు. నా సంతోషాన్ని తప్పుగా అనుకోకండి.

ఆమె మా అన్న భార్య. అన్న చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. మా ఇంటికి ఆనుకునే ఆమె ఇల్లు, మట్టి గోడలు, పైన గూన పెంకులు. చాయ సాసర్లో పోసుకుని తప్ప తాగేది కాదు. పొద్దున్నే గల్లీలోకి వచ్చి ఎవరి పడుగులోంచైనా ఒక తెగిన పోగు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని పటుక్కున తెంపేది. ఆ చప్పుడు విని, "ఇయ్యాల గాలి పొడిగున్నది, గంజి జర పల్చగ పెట్టుండ్రి" అనేది. ఎన్నడూ తప్పలేదు. ఆమెకు రేడియో అక్కర్లేదు, పంచాంగం అక్కర్లేదు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకుండా ఆమె గొప్పతనం చెప్పలేను.

డెబ్బైల మొదట్లో మా గల్లీకి రెండు వైపులా పెద్ద పెద్ద వేపచెట్లు ఉండేవి. మా తాతలు నాటినవి. వాటి నీడలో పది గంటల దాకా నిదానంగా గంజి పెట్టుకునే వాళ్లం. వాటి మీద కాకులు, పిచ్చుకలు, గోరింకలు బస చేసేవి. ఒకనాడు తెల్లటి దోవతుల పడుగు పరిచాను. ఇరవై దినాల కష్టం. కాకులు దాని మీద రెట్టలు వేశాయి. గంజి తడిలో మరక ఎక్కితే పోదు. బట్ట తీసుకునే సేటు మొహం తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండి గొడ్డలి తెచ్చాను. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ రెట్టల బాధ ఉన్నదే, తలా ఒక చెయ్యి వేశారు. వదిన అడ్డం వచ్చింది.

"కాకి రెట్టేస్తె చెట్టు కొడ్తవా మరిదీ? రేపు నీ నెత్తి మీద ఏస్తె నెత్తి కొట్టేసుకుంటవా?"

"నువ్వూకో వదినె. పడుగు నాది, నష్టం నాది."

"నష్టం నీదే గాని నీడ అందరిది" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాలుగు రోజుల్లో చెట్లన్నీ నేలకూలాయి. గల్లీ విశాలంగా, తెల్లగా కనబడితే మురిసిపోయాను కూడా.

ఆ తరువాత ఏం జరిగిందో మెల్లమెల్లగా జరిగింది, అందుకే మాకు తెలియలేదు. మృగశిరలో రావలసిన వాన ఆరుద్రకు జరిగింది. ఒక ఏడు అసలే రాలేదు. గల్లీ చివర బావి అడుగు కనబడింది. పిచ్చుకలు పోయాయి. పది దాకా పెట్టుకునే గంజి ఎనిమిదికి జరిగింది, తరువాత ఏడుకే ఎండ మీద పడేది. గంజి పొక్కులు పొక్కులుగా ఎండి రాలిపోయేది, మగ్గం మీద పోగులు తెగేవి. ఒక గజం నేయడానికి ఎన్ని అతుకులు వేశానో లెక్క లేదు. అది చాలదని నేను మా ఇంటి గూన పెంకులు తీసేయించి సిమెంటు రేకులు వేయించాను. కోతుల బాధ పోయిందని ఊరంతా చెప్పుకున్నాను. వదిన వచ్చి గోడకు అరచేయి ఆనించి చూసి, "రొట్టె కాలుతది మరిదీ, పెనం దండగ" అని పోయింది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మా అమ్మాయి ఆ రేకుల కిందనే మగ్గం మీద నుంచి పక్కకు ఒరిగిపోయింది. ఒక్కగానొక్క బిడ్డ. మా అల్లుడు రెండు చేతుల మీద ఎత్తుకుని దవాఖానకు ఉరికాడు. ఎండదెబ్బ అన్నారు, సెలైన్ ఎక్కించారు. ఇంటికి వచ్చిన నాలుగో రోజు అల్లుడు నా ముందు కూర్చున్నాడు. మా ఇంట్లోనే ఉండి నా దగ్గరే పని నేర్చుకున్న పిల్లవాడు, నా మొహం చూడలేక నేల చూస్తున్నాడు.

"మామా, కోపం చెయ్యకు. ఎండకాలం మూణ్నెల్లు మగ్గం ఆగుతాంది. ఏం తిని బతుకుతం? భీవండిల నా దోస్తున్నడు. పవర్‌లూమ్‌ల పని ఇప్పిస్త అంటాండు. ఇద్దరం పోతం."

పోవద్దని చెప్పడానికి నాకు ఏ ముఖం ఉంది? చెట్లు కొట్టింది నేను, రేకులు వేసింది నేను. అప్పటికే మా గల్లీలో మూడిళ్లకు తాళాలు పడ్డాయి. వదిన సాసర్‌తో గడపలోనే కూర్చుని ఉంది.

"ఎన్నడు బండి?" అని అడిగింది.

"ఎల్లుండి, పెద్దత్తా."

"ఆడ ఎండ కొట్టదా?"

"కొడ్తది. గని పోగు తెగితె సేటు ఫికర్, మనకేంది?"

"పోగు తెగితె సేటు ఫికర్. నీ పెండ్లాం పడితె ఎవల ఫికర్రా?"

ఆమె చాయ ముగించి సాసర్ బోర్లించింది.

"నా ముందటి అర్ర ఖాళీ జేస్త. మట్టి గోడలు, సల్లగుంటది. ఆడ గుంట తవ్వి మగ్గం ఏసుకోండ్రి. నాలుగేండ్లు ఆగుండ్రి."

"నాలుగేండ్లల్ల ఏమైతది పెద్దత్తా?"

"చెట్లైతయి."

అందరం నవ్వాం. ఎక్కువ నవ్వింది నేనే. కానీ మా అమ్మాయి నవ్వలేదు. "బాపూ, పెద్దమ్మ ఇంట్ల ఏసుకుంటం. ఒక్క ఎండకాలం చూస్తం" అన్నది. మా అల్లుడు రాలేనని భీవండి దోస్తుకు కార్డు రాసి పడేశాడు.

వదిన తన సామాను అంతా ఒక మూలకు జరిపి అరుగు మీదికి మంచం వేసుకుంది. అడిగితే "నాకీడ గాలి మంచిగొస్తది" అనేది. వానాకాలం జల్లు కొట్టినా అదే మాట. ఆ ఇల్లు మళ్లీ ఆమెది కాలేదు. ఆమె అడగలేదు.

తరువాత వారం వర్ధన్నపేట వైపు తన చెల్లెలి ఊరికి బస్సులో పోయి, కొంగు నిండా కానుగ కాయలు మూట కట్టుకుని వచ్చింది. వేప ఎందుకు వద్దంటే, "వేప నిదానం. కానుగ ఎండలు ముదిరినంకనే చిగురేస్తది. మనకు నీడ గావల్సింది గప్పుడే గదా" అన్నది. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. మొలకలను అరుగు మీద పాత కుండల్లో పెంచి, వాన పడ్డ నాడు తడుస్తూ గల్లీ పొడుగునా నాటింది. మేకలు తినకుండా తుమ్మ కంప కట్టింది.

నల్లా నీళ్లు అరగంట మాత్రమే వచ్చే రోజులవి. ఆమె మొక్కలకు నీళ్లు పోస్తుంటే నల్లా దగ్గర ఒకామె గొంతు లేపింది.

"మనుషులకే నీళ్లు లెవ్వు, ముసల్ది చెట్లకు పోస్తాంది!"

"నేను తానం జేసిన నీళ్లే పోస్తాన్న బిడ్డా. వాసనొస్తె జర దూరం నిలవడు" అన్నది మా వదిన. నల్లా దగ్గర నవ్వులే నవ్వులు. ఆ గొంతు లేపినామే మరునాటి నుంచి బట్టలు ఉతికిన నీళ్లు తెచ్చి తన ఇంటి ముందు మొక్కకు పోయడం మొదలుపెట్టింది.

గల్లీలో ఒక కొత్త ఆచారం కూడా పెట్టింది. గంజి కుండ తొలిచిన నీళ్లు, కుంచె కడిగిన నీళ్లు మొక్క మొదట్లో పోయాలి. పోయని వాళ్ల పడుగును ఆమె పోగు తెంపి చూసేది కాదు. ఆమె చెప్పకపోతే గంజి ఎంత పెట్టాలో ఎవరికీ ధైర్యం లేదు! కొన్ని మొక్కలు ఎండాయి, వాటి చోట మళ్లీ నాటింది. ఒక దాన్ని లారీ తొక్కింది, ఆ డ్రైవరును ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాలుగేళ్లు అన్నది, ఐదేళ్లు పట్టింది. కానుగలు చూర్లు దాటి రెండు వైపుల నుంచి కొమ్మలు చాచాయి. రేకుల మీద కూడా నీడ పడి మా ఇల్లు కాస్త మనుషుల ఇల్లు అయింది. పిచ్చుకలు వచ్చాయి. పూత పూసిన నాడు తేనెటీగల రొదకు మగ్గం చప్పుడు తక్కువ వినబడింది. పిచ్చుకలు వచ్చాక కాకులు రాకుండా ఉంటాయా? ఒక పొద్దున నా తెల్ల పడుగు మీద చటుక్కున ఒక రెట్ట పడింది. గల్లీ అంతా తిరిగి నన్నే చూసింది.

వదిన లోపలికి పోయి రెండు పాత చీరెలు తెచ్చింది. మా అమ్మాయి ఒక కొస పట్టుకుంది, అల్లుడు ఒక కొస. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు పడుగు మీద చాందినీలాగా కట్టేశారు. ఇంకో నలుగురు తమ ఇళ్లకు పోయి చీరెలు తెచ్చారు.

"సూసినవా మరిదీ? రెండు చీరెల పని. గప్పుడు నీకు రెండు చీరెలు దొర్కలేదా?"

సిగ్గుతో నేల చూశాను. తరువాత అడిగాను. "మరి నువ్వన్న ఎందుకు చెప్పలేదు వదినె గప్పుడు?"

"నాకు గూడ తోచలే. కోపంల ఉంటి" అన్నది.

ఆ మాట కోసం ఆమె కాళ్లు మొక్కాలనిపించింది నాకు.

ఈ మధ్య మా అల్లుడు పేపరు చదివి చెప్పాడు, పొగలు ఎక్కువై భూమి అంతా వేడెక్కుతోందట, ఎండలు ఇంకా పెరుగుతాయట. వదిన శ్రద్ధగా విని, "భూమి సంగతి సదువుకున్నోల్లు సూస్తరు. మన గల్లీ సంగతి చెప్పు, మూలకున్న చెట్టుకు నీళ్లు పోసినవా?" అన్నది. అల్లుడు పేపరు మడిచి లేచాడు.

పోయిన ఎండాకాలం ఎంత కాసిందో అందరికీ తెలుసు. ఈ ఎండాకాలం అంతకంటే ఎక్కువ. చుట్టుపక్కల గల్లీల్లో మగ్గాలు ఆగాయి. మా గల్లీలో ఎండకు ఒక్క పూట ఆగలేదు. ఒక్క పూట! తాళాలు వేసి పోయిన మూడిళ్లలో రెండు తెరుచుకున్నాయి. పక్క గల్లీ వాళ్లు తమ పడుగులు భుజాన వేసుకుని వచ్చి మా నీడలో పరుచుకుంటున్నారు. నా బిడ్డ నేసిన చీరె చూసి సేటు రెండు సార్లు మడత విప్పాడు. దాని పెళ్లి చేసినప్పుడు కూడా నేను ఇంత సంబరపడలేదు.

వదిన పదో రోజు కర్మ అయిపోయింది. ఆ మరునాడే మా అమ్మాయీ అల్లుడూ నన్ను అడిగారు, మా ఇంట్లో కూడా ఇంకో మగ్గం వేస్తామని. అడగాలా నన్ను! కాళ్లు దించుకుని నేసే గుంట మగ్గం మాది, ఆ గుంట తవ్వడానికి నేనే గడ్డపార అందించాను. మోకాలు లోతు తవ్వేసరికి మట్టి తడి తగిలింది, ఇల్లంతా చల్లటి వాసన వచ్చింది. అల్లుడు చెయ్యి ఆపి వంగి చూశాడు.

"మామా, చెట్టు ఏరు. బయటి కానుగది, గోడ కింది నుంచొచ్చింది. గుంటకు అడ్డమున్నది. కొయ్యాల్నా?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి గుంట అంచుకు వచ్చింది. కాలి బొటనవేలితో జానెడు అవతల గుంటకు కొత్త గీత గీసింది. తరువాత లోపలికి దిగి, పోగు అంత సన్నగా వేలాడుతున్న ఆ వేరు కొస మీద పిడికెడు తడి మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా అద్దింది.