సైనికులకు నెత్తళ్ళు

నెత్తళ్ళు ఎండే వాసనకి నాకు కార్గిల్ యుద్ధం గుర్తొస్తుంది. మా ఆయన పోయాక నేనూ అమ్మలాగే ఈ నిజాంపట్నం ఇసుకలో చేపలు ఎండబెట్టుకుని బతుకుతున్నాను.

అప్పుడు నేను చిన్నపిల్లని. సైనికుల కోసమని మా బడి మాస్టారు ఇంటింటికీ తిరిగారు. అందరూ డబ్బులో దుప్పట్లో ఇచ్చారు. అమ్మ సంచెడు నెత్తళ్ళు తెచ్చింది.

"అంత దూరం పోవమ్మా, వాసనొస్తాయి," అన్నారు మాస్టారు.

"మంచుకొండల్లో ఏం పాడవుతాయండి? పాపం పిల్లలు, పులుసు పెట్టుకుంటారు. తీసుకోండి బాబూ."

ఆయన సంచి అందుకున్నారు.

సామాన్ల లారీ వెళ్ళిపోయాక చూస్తే, ఆ సంచి బడి గదిలోనే మూలనుంది. అయితే సైనికులే తినడానికి ఇక్కడికొస్తారు, యుద్ధం మా ఊళ్ళోనే అనుకున్నాను. రోజూ ఒడ్డున నిలబడి సముద్రంకేసి చూసేదాన్ని. మా పడవలే వచ్చేవి.

ఒకరోజు రేడియోలో గెలిచామన్నారు.

"చూశావటే, మన నెత్తళ్ళు తిని ఎలా కొట్టారో!" అంది అమ్మ.

నాకేమీ అర్థం కాలేదు. సంచి సంగతి చెబుదామని నోరు తెరిచాను. అమ్మ నవ్వుతోంది. ఊరుకున్నాను.

ఆ తర్వాత మాస్టారు ఎదురైనప్పుడల్లా అమ్మ అడిగేది, "తిన్నారంటాండీ?"

"తిన్నారమ్మా. ఇంకా ఉన్నాయా అని అడిగారంట," అనేవారాయన.

ఆ మాట తలుచుకునే అమ్మ ప్రతి ఏడూ మంచివి ఏరి ఓ సంచి పక్కన పెట్టేది.