పెద్దేముల్ వరుస

“...గా కెనడా పోయి అమెరికాల కలిస్తె, మరి వాళ్ల ప్రధానమంత్రి ఏం గావాలె?” అంటూ భాగమ్మ వెనక సీట్లో పక్కనున్న నవీన్‌కుమార్ మీదికి లేచింది. పెద్దేముల్ నుంచి తాండూరు పోయే షేర్ ఆటో అది. ముచ్చట రుచించిందంటే నడిపే ఫరీద్ తల ఒక పక్కకు వాలుతుంది, బండి నెమ్మదిస్తుంది, నచ్చిన మాటకల్లా హారన్ మోగుతుంది. “ముఖ్యమంత్రి అయితడు పెద్దమ్మా. ఒక్క రాష్ట్రమై పోతె అండ్లనే మునుగుతరు. పది రాష్ట్రాలై పోతె ఎవని గద్దె వానిదే,” అన్నాడు నవీన్‌కుమార్.

హారన్ ఆగకుండా మోగింది. పెద్దేముల్ ఆటో అడ్డాకు ఫరీదే పెద్ద. తమలో కలిసిపొమ్మని తాండూరు అడ్డావాళ్లు కొన్నాళ్లుగా ఒత్తిడి చేస్తున్నారు. కలవకపోతే అక్కడ బండి ఆపనివ్వరు. కలిస్తే వాళ్ల పొడుగాటి వరుసలో చివరికి పోవాలి, వంతు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. తాండూరులో బండి ఆగీ ఆగకముందే ఫరీద్ దూకాడు. మెడలోని రుమాలు తీసి ఊపుతూ అడ్డావాళ్లందరినీ కేకేశాడు.

“కలుస్తం భాయ్! గని పెద్దేముల్ వరుస వేరేనే ఉంటది. మీదొక బండి పోతే మాదొక బండి పోతది!”