సన్నబడిన చెట్లు

2024 డిసెంబరు. తెనాలిలో ఆఫీసున్న ఒక కార్బన్ ప్రాజెక్టులో నేను ఫీల్డ్ సర్వేయర్‌ని. చిన్న రైతులు చెట్లు పెంచితే, అవి పీల్చుకున్న కార్బన్‌ను లెక్కగట్టి కంపెనీలకు అమ్మి, అందులో రైతుకు వాటా ఇస్తారు. ఏటా రొమ్మెత్తున కాండం చుట్టుకొలత తీయడం నా పని. దాన్ని గర్త్ అంటాం. గర్త్ పెరిగితేనే డబ్బు, లేకపోతే పొలాన్ని ప్రాజెక్టులోంచి తీసేస్తారు.

కొల్లూరు దగ్గర ఏటి మధ్య లంకలో మార్తమ్మగారికి అరెకరం ఉంది. అరటి మానేసి మలబార్ వేప వేశారు. మూడేళ్లుగా రూపాయి రాలేదు. ఈ కొలత సరిగ్గా ఉంటే మొదటి వాటా వస్తుంది.

ఆ ఉదయం మంచు దట్టంగా ఉంది. మొదటి చెట్టుకు టేపు చుట్టాను. పోయినేడు నలభై ఎనిమిది సెంటీమీటర్లు, ఇప్పుడు నలభై నాలుగు. రెండో చెట్టూ తగ్గింది. మూడోదీ అంతే. చెట్టు ఎండుతుంది, విరుగుతుంది, సన్నబడటం మాత్రం నేనెన్నడూ చూడలేదు. పోయినేడు నేను వేసిన పసుపు గీతలు ఒక్కదాని మీదా లేవు. ఫోన్‌లో జీపీఎస్ చూస్తే పొలం అదే. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

"మీరూ చూశారా బాబూ?"

ఉలిక్కిపడ్డాను. మార్తమ్మగారు ఎప్పుడొచ్చారో తెలియదు.

"మొన్నటి వరద పోయిన కాడినించీ సన్నబడతన్నాయి. అప్పట్లో నా రెండు జానలకి అందేయి కాదు, ఇప్పుడు అందుతన్నాయి. చెబితే పిచ్చిదంటారని నోరు మూసుకున్నా. భూమి లోపలికి లాక్కుంటందంటారా?"

"అట్టా ఏం ఉండదండీ" అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

నాకు మంచినీళ్లు తేవడానికి ఆవిడ మోటారు కొట్టులోకి వెళ్లారు. సగానికి సగం వంగి దూరారు.

"నడుం పట్టేసిందా పిన్నిగారూ?"

"నడుం బానే ఉందండి. గుమ్మమే కిందికొచ్చింది."

నా బుర్రకు అప్పుడు వెలిగింది. మొదటి చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, కాండానికి మోకాలెత్తున అంటుకుని ఎండిన మట్టి గీకాను. పసుపు గీత, పక్కనే నా చేతిరాతలో చెట్టు నంబరు, ఒకటి. వరద లంకంతా సమంగా మూడడుగుల ఒండుమట్టి పరిచి పోయింది. చెట్లు దిగబడలేదు, మేమే పైకొచ్చాం. పాత గీతకు మూడడుగుల పైన, కాండం సన్నగా ఉండే చోట నేను టేపు చుడుతున్నాను. గీత మీద కొలిస్తే యాభై మూడు.

"పెరిగిందా బాబూ?"

"అయిదు పెరిగిందండి."

ఆవిడ మట్టిలో కూలబడి, ఆ గీత మీద చెయ్యి వేసి ఏడ్చేశారు. నేను సంతోషించలేకపోయాను. ముందు నెల అదే లంకలో నాలుగు పొలాలు కొలిచి 'ఎదుగుదల లేదు' అని పంపేశాను. అక్కడ గర్త్ తగ్గలేదు, పెరగలేదంతే. అందుకే అనుమానం రాలేదు. గీత కనబడకపోతే నా రొమ్మే కొలబద్ద అనుకున్నాను.

వెంటనే పరుగెత్తాను. మూడు పొలాల్లో చెట్లున్నాయి. నాలుగో రైతు ఇక డబ్బు రాదని కొట్టించేసి, దుంగలు ట్రాక్టరుకెత్తిస్తున్నాడు. ఒక దుంగ మీద మట్టిని గోటితో గీకాను. పసుపు గీత, నా చేతిరాతలో ఏడో నంబరు.

"ఏంటండీ చూస్తన్నారు?" అన్నాడాయన.

ఇప్పుడు ఏ లంకకు వెళ్లినా టేపు తీయకముందే రైతునడుగుతాను, ఇక్కడ నేల ఇదివరకు ఎంత లోతున ఉండేదని.