ఐలా గారి ఆర్కెస్ట్రా

మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్కలు చేసుకుంటూ తప్పు రాసిన ప్రతిసారీ రబ్బరుతో గట్టిగా రుద్దుతోంది. నేను ఆఫీసు నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా పక్క కుర్చీలో కూలబడి ఉన్నాను. వేడెక్కిన రబ్బరు వాసన తగిలేసరికి, ఇప్పుడుంటున్న క్యారీ ఊళ్ళోంచి మనసులో మిషిగన్‌కి వెళ్ళిపోయాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కమ్యూనిటీ సెంటర్, దాని కింది అంతస్తులో కిటికీలు లేని గది. అక్కడ నేను అయిదేళ్ళు చేసిన పనిలో సగం చెరపడమే. ఆ పని నాకు నేర్పింది ఐలా గారు.

2004 చలికాలం. నా భర్త మురళి ఒక కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. నాది హెచ్‌ఫోర్ వీసా, అంటే భర్త వెంట వచ్చిన భార్యకిచ్చేది. ఉద్యోగం చేసే వీలు లేదు. మురళి కారు తీసుకుని వెళ్ళాక నాకు నడిచి వెళ్ళగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. ఒకరోజు దాని గోడ మీద చేత్తో రాసిన చీటీ కనిపించింది: "మన ఊరి ఛాంబర్ ఆర్కెస్ట్రాకి సాయం కావాలి. జీతం లేదు. కాఫీ ఉంది." చదువుతూ నిలబడితే వెనక నుంచి ఎవరో "వాయిస్తావా?" అని అడిగారు. తిరిగి చూస్తే పొడుగాటి మనిషి, డెబ్భై ఏళ్ళకి దగ్గర్లో ఉన్నావిడ, మగవాళ్ళ బూట్లు వేసుకుని.

"కాకినాడలో ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. కానీ మా పద్ధతి వేరు. నేల మీద కూర్చుని, వయొలిన్ తల పాదానికి ఆనించి వాయిస్తాం. మీ నొటేషన్ చదవడం రాదు," అన్నాను.

"నేల మంచిదే. ఎవరూ పడిపోరు. రేపు పదింటికి రా," అన్నారావిడ. ఆవిడ ఇంగ్లీషు నాకంటే పొదుపు. మేడమ్ అనొద్దన్నారు. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అలా ఐలా గారు అయ్యారు.

పనేమిటంటే, ఆర్కెస్ట్రాలో ఒకే వరుసవాళ్ళందరి కమాన్లూ ఒకేసారి కిందికి, ఒకేసారి పైకి కదలాలి. ఏ స్వరానికి ఎటు కదలాలో ఆవిడ ఒక స్వరాల కాగితం మీద గుర్తులు పెడితే, వాటిని చూసి మిగతా ప్రతివాళ్ళ కాగితం మీదా నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. ఆ కాగితాలు అద్దెకి తెచ్చినవి. కచేరీ అయ్యాక అన్ని గుర్తులూ చెరిపి, శుభ్రంగా తిప్పి పంపాలి. మొదటిసారి విన్నప్పుడు నాకు నీరసం వచ్చింది. "ఇంత రాసిందీ తుడిచెయ్యడానికా?" అన్నాను. ఆవిడ రబ్బరు నా వైపు జరిపారు, అంతే.

రుద్దుతూ రుద్దుతూ ఆవిడ తన ఊరి కథ చెప్పేవారు. ఫిన్లాండ్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. కలప మిల్లు గుమాస్తా, మందుల షాపాయన, ఇద్దరు బడి పంతుళ్ళు ఆదివారాలు కలిసి వాయించుకోవడంతో అక్కడి ఆర్కెస్ట్రా మొదలైందట. యుద్ధం అయ్యాక మున్సిపాలిటీ దాన్ని తీసుకుని, వాయించేవాళ్ళని ఉద్యోగులుగా వేసుకుంది.

"మున్సిపాలిటీయా?" అని నవ్వాను. నాకు తెలిసిన మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు, దోమల మందు.

"అవును. రోడ్ల మీద మంచు ఎత్తేవాళ్ళూ మేమూ ఒకే ఆఫీసు మనుషులం. పొద్దున పదింటికి హాజరు. ఆస్పత్రిలో వాయించాం, చేపల బజారులో వాయించాం. దూరపు పల్లెలకి బస్సులో వెళ్తే మనిషంత ఎత్తు సెల్లోలకి సీట్లు, మాకు నిలబడే చోటు." అక్కడ ఆవిడ ఇరవై రెండేళ్ళు, ప్రధాన వయొలిన్లకి తోడుగా వాయించే రెండో వయొలిన్ల చివరి వరుసలో కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఒంటరిగా వాయించలేదు, వాయించాలనీ అనుకోలేదట. భర్తకి డెట్రాయిట్‌లో ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చేశారు. ఆయన పోయాక, తన ఊళ్ళో ఉన్నటువంటిది ఈ ఊళ్ళోనూ ఉండాలని పట్టుబట్టి మొదలుపెట్టారు. స్కూలు టీచర్లు, కార్ల ఇంజనీర్లు, ఒక పళ్ళ డాక్టరు వాయించేవారు. ఊరి కౌన్సిల్ ఆ గదినీ పైనున్న హాలునీ ఇచ్చింది.

రెండో ఏడు నేనొక తప్పు చేశాను. రెండో వయొలిన్ల కాగితాల్లో సగం వాటికి ఒక పేజీ గుర్తులు పెట్టడం మరిచిపోయాను. కచేరీ మధ్యలో ఆ వరుసలో సగం కమాన్లు పైకి, సగం కిందికి లేచాయి. ఆ వరుసకి ముందు కూర్చునే స్కూలు టీచరు ఎర్రబడ్డ మొహంతో దిగి వచ్చి, "ఎవరు గుర్తులు పెట్టారు?" అని అడిగాడు. "నేనే," అన్నారు ఐలా గారు. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నాకు క్షమాపణ చెప్పుకునే వ్యవధి కూడా ఇవ్వలేదావిడ. "రేపు పదింటికి. పెన్సిల్ చెక్కి తీసుకురా." మర్నాడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని, అయిపోయిన కచేరీ కాగితాలకే ఆ పేజీ గుర్తులు మళ్ళీ పెట్టాం. తర్వాత అన్నీ చెరిపాం. తిట్టి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్నేమో. నొటేషన్ చదవడం ఆ వారం నుంచే నేర్పించడం మొదలుపెట్టారు.

తర్వాత కార్ల కంపెనీలు కుప్పకూలిన కాలం వచ్చింది. మా వీధిలోనే వరసగా ఇళ్ళ ముందు అమ్మకపు బోర్డులు. ఇంజనీర్లు ఊళ్ళు వదిలి వెళ్తుంటే ఆర్కెస్ట్రాలో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కౌన్సిల్ ఇక హాలు ఇవ్వలేమంది. ఒక సాయంత్రం మురళి వచ్చి, "శ్యామలా, లే ఆఫ్ లిస్ట్‌లో నా పేరుంది. వెంటనే ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే వీసా స్టేటస్ పోతుంది. క్యారీలో ఒక ఇంటర్వ్యూ షెడ్యూల్ చేశారు," అన్నాడు. ఐలా గారికి ఆ మాట చెబితే కాఫీ కలిపి ఒక కప్పు నా ముందు పెట్టారు. "ఒక కచేరీ మిగిలింది. చివరి వరుసలో నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వు కూర్చో," అన్నారు.

ఆ కచేరీ జరిగింది వృద్ధుల ఆశ్రమం భోజనాల గదిలో. పదకొండుమందిమి. పెళ్ళయ్యాక నలుగురి ముందు వయొలిన్ పట్టడం అదే మొదలు. పైగా కుర్చీలో, గడ్డం కింద. రెండు చోట్ల తప్పాను. నేను ఆగినప్పుడల్లా పక్కనుంచి ఆవిడ కమాను ఆగకుండా నడిచింది, నేను దాన్ని చూసి మళ్ళీ అందుకున్నాను. వినేవాళ్ళలో కొందరు నిద్రపోయారు. ఒకాయన మధ్యలో టీ అడిగాడు. చప్పట్లు తొందరగా అయిపోయాయి.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతూ ఐలా గారు ఒక కుర్చీలో కూర్చుండిపోయారు. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "మా ఊళ్ళో ఆర్కెస్ట్రా ఊరికి కావాలనిపించింది, పెట్టుకున్నారు. ఇక్కడ నా ఒక్కదానికే కావాలనిపించింది. ఇన్నేళ్ళూ అందరినీ వేధించాను. ఎవరికి ఉపయోగపడింది, శ్యామలా?" అన్నారు. "మీరు అలిసిపోయారు, ఇంటికి వెళ్దాం," అన్నాను. "అవును, అలిసిపోయాను," అని లేచి, మిగిలిన కుర్చీలు ఆవిడే సర్దారు.

క్యారీకి వచ్చాక నెలకోసారి ఫోన్ చేసేదాన్ని. తర్వాత రెండు నెలలకోసారి అయింది. ఆవిడకి చెవులు వినిపించడం తగ్గింది. చివరిసారి, "నువ్వు చెప్పేది వినపడటం లేదు. నేనే మాట్లాడతాను," అని అక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు ఎంత పడిందో చెప్పి పెట్టేశారు. ఆవిడ ఫోన్ పెట్టేలోపే వేసవిలో వస్తానని అరిచి చెప్పాను. ఆ వేసవిలో వీసా పనులు, పైవేసవిలో పాప స్కూలు. వెళ్ళలేదు. ఆవిడ పోయారని ఆ పళ్ళ డాక్టరు ఈమెయిల్ రాస్తే తెలిసింది.

ఇప్పుడు నాకు గ్రీన్ కార్డ్ ఉంది, ఉద్యోగం ఉంది, మెడలో నా ఫొటో ఉన్న బ్యాడ్జి ఉంది. అప్పట్లో ఏ కాగితం మీద చూసినా నేను మురళి భార్యని. బ్యాంకులోనైనా, ఆస్పత్రిలోనైనా అంతే. ఐలా గారి కచేరీలకి మాత్రం మడతపెట్టిన కార్యక్రమ పత్రం అచ్చువేసేవారు. అందులో వాయించేవాళ్ళ పేర్లన్నీ అయ్యాక, అడుగున, కాగితాల పని శ్యామలది అని ఒక వరుస ఉండేది. అయిదేళ్ళూ ప్రతి పత్రంలోనూ ఉంది. ఎవరికి ఉపయోగపడిందని ఆవిడ అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు అదే. ఆ భోజనాల గదిలో, ఆ కుర్చీల మధ్య, నాకది తట్టలేదు.