ఎడమ మర గుల్ల

హోసూరులో కృష్ణగిరి బస్సెక్కి, ఒడిలో మందుబిళ్ళల డబ్బా తెరిచాను. లోపల బియ్యపు గింజంత సముద్రపు నత్తగుల్లలు ఉన్నాయి. అన్నీ ఒకే కుటుంబానివని చీటీ కూడా అంటించేశాను. మర్నాడు కాలేజీలో జువాలజీ ల్యాబులో ఇచ్చెయ్యాలి.

పక్క సీటాయన మూకండపల్లిలో లేత్ మీద స్క్రూలకు మరలు కోస్తాడట, ఇల్లు అత్తిముగం. "కొంచెం ఇట్లియ్యమ్మా" అని ఒక గుల్లను కిటికీ వెలుతురులో మొన పైకి పట్టుకుని, చుట్ల మధ్య గాడి వెంట బొటనవేలి గోరు జరిపాడు.

"ఇది లెఫ్ట్ త్రెడ్డు."

"అన్నీ ఒకటే రకమప్పా" అన్నాను.

"యాడ ఒకటి? సైకిల్ ఎడమ పెడలుకుండే మర ఇది. ఇట్ల కలిపేస్తే మా సూపర్వైజరు లాటంతా వాపసు పంపుతాడు."

గుల్ల నోరు నావైపు తిప్పి చూశాను. నోరు ఎడమ పక్కనుంది! రెండోదీ ఎడమే. మూడోది కుడి. ఈ రకం చిన్న గుల్లల్లో ఎడమకు తిరిగేవి ఒక కుటుంబం, కుడికి తిరిగేవి వేరే కుటుంబం. పుస్తకంలో చదివిన సంగతే. బుడిపెలూ రంగూ ఒకేలా ఉన్నాయని, మొదట చూడాల్సింది చూడనేలేదు.

శూలగిరి వచ్చేలోగా ఇద్దరం పోటీపడి వేరుచేశాం. నేను రెండుసార్లు తప్పాను, ఆయన ఒక్కసారీ తప్పలేదు.

శూలగిరిలో దిగుతూ ఆయన వెనక్కి తిరిగాడు. "ఎన్ని మరలు కోసినానో లెక్కలేదు. సముద్రం మాత్రం ఇంకా చూసిందే లేదమ్మా!"

ఇప్పటికీ కొత్త గుల్ల చేతికొస్తే, లెన్సు తియ్యకముందే నా బొటనవేలి గోరు గాడిలోకి పోతుంది.